సాలమాండర్ కంటిలోని కోన్ కణం గ్రాఫ్‌ని ఎలా చదవాలి?

కోన్ అంటే కంటిలో వెలుతురుని పట్టే ఒక రకం కణం, దానిలో పారే కరెంటు వెలుతురుతో ఎలా మారుతుందో చూపించేదే ఈ గ్రాఫ్. వెలుతురు పడగానే ఆ కణంలో కరెంటు పుడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. చీకట్లో కరెంటు పారుతూనే ఉంటుంది, వెలుతురు పడితే తగ్గిపోతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా గ్రాఫ్ చాలావరకు మీ అంతట మీరే చదవగలరు.

ముందు గ్రాఫ్‌లోని గీత ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి. టైగర్ సాలమాండర్ ఉత్తర అమెరికా జీవి, చూడ్డానికి బల్లిలా ఉన్నా కప్పకి చుట్టం, ఉభయచరం. దాని కంటి కణాలు బాగా పెద్దవి, అందుకే పరిశోధకులకు అదంటే అంత ఇష్టం. దాన్ని గంటల తరబడి చీకట్లో ఉంచి, ఆ కణాలకి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో రెటీనాని (కంటి వెనక ఈ కణాలుండే పొరని) బయటికి తీసి, శరీరంలో ఉండే లవణాలే కలిపిన నీళ్ళలో చిన్న చిన్న ముక్కలు చేస్తారు. మైక్రోస్కోపుకి తగిలించిన తెర మీద, వెలుతురుని పట్టే ఇంకో రకమైన రాడ్ కణం లావుపాటి బలపం ముక్కలా కనిపిస్తుంది, కోన్ దానికంటే పొట్టిగా, కొస సన్నగా చెక్కిన పెన్సిల్‌లా ఉంటుంది (స్కూల్లో దండాలు, శంకువులు అని చదివినవి ఇవే). సన్నటి గాజు గొట్టం మొనతో ఒక్క కణాన్ని కొంతమేర లోపలికి పీల్చి పట్టుకుని, దానిలో పారే కరెంటుని కొలుస్తారు. బేలర్, లాంబ్, యావ్ అనే ముగ్గురు 1970ల చివర్లో టోడ్ కప్ప రాడ్ల మీద ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టారు.

తర్వాత నిలువు గీత మీద ఏం రాసి ఉందో చూడండి. పికోఆంపియర్ అని ఉంటుంది, అంటే ఆంపియర్‌లో లక్ష కోట్లవ వంతు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. చాలా పరిశోధన పేపర్లలో వెలుతురు పడ్డాక గీత పైకి లేస్తుంది కాబట్టి కరెంటు పెరిగిందని అనిపిస్తుంది, కానీ కణంలోకి వచ్చే కరెంటు ఎంత తగ్గిందో దాన్నే పైకి గీస్తారు. వోల్టేజి గ్రాఫ్ అయితే చీకట్లో సుమారు మైనస్ 40 మిల్లీవోల్టుల దగ్గర ఉండి, వెలుతురు పడ్డాక ఇంకా మైనస్‌లోకి దిగుతుంది.

ఎందుకు తగ్గుతుందంటే, కణం పొరలో తలుపుల్లాంటి ఛానెళ్ళు ఉంటాయి. లోపల ఉండే సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువు వాటిని తెరిచి పట్టుకుంటుంది, సోడియం, కాల్షియం లోపలికి వస్తుంటాయి. ఫోటాన్ (వెలుగు రేణువు) తగిలి, కణంలో వెలుతురుని పీల్చుకునే వర్ణకంలోని వంకర అణువు నిటారుగా అవగానే వరసగా ఎంజైములు మేల్కొని ఆ సైక్లిక్ జీఎంపీని విరగ్గొడతాయి, తలుపులు మూసుకుంటాయి. సైక్లిక్ జీఎంపీయే నేరుగా తలుపు తెరుస్తుందని 1985లో ఫెసెంకో బృందం కప్ప రాడ్లలో చూపించింది, అదే ఏడాది కోన్లలోనూ తేలింది.

ఇప్పుడు ఫ్లాష్ (కణం మీద క్షణంపాటు వేసిన వెలుతురు) గుర్తు వెతకండి, గ్రాఫ్ కిందో పైనో చిన్న గీతలా ఉంటుంది. అక్కణ్నుంచి గీత శిఖరానికి ఎంతసేపట్లో చేరిందో కొలవండి. మందమైన ఫ్లాష్‌కి రాడ్ దాదాపు సెకను తీసుకుంటే, కోన్ అందులో కొద్ది వంతు సమయంలోనే పైకెళ్ళి వెనక్కి వచ్చేస్తుంది.

చాలా గ్రాఫుల్లో ఒకదాని మీద ఒకటిగా ఏడెనిమిది గీతలు ఉంటాయి, ఒక్కో గీత ఒక్కో వెలుగుకి. కింది వాటిలో వెలుగు రెట్టింపైతే ఎత్తూ ఇంచుమించు రెట్టింపవుతుంది. పైకి పోయేకొద్దీ గీతలు దగ్గరపడి చివరికి ఒకే ఎత్తులో ఆగిపోతాయి, ఎందుకంటే మూయడానికి ఇక తలుపులు మిగల్లేదు. ఆ ఎత్తే చీకటి కరెంటు మొత్తం. టోడ్ రాడ్‌లో ఒక్క ఫోటాన్‌కే సుమారు ఒక పికోఆంపియర్ కదలిక కనపడుతుంది. కోన్‌లో ఒక్క ఫోటాన్ గుర్తు అంతకంటే ఎంతో చిన్నది, మామూలు నాయిస్‌లోనే, అంటే ఎప్పుడూ ఉండే చిన్న చిన్న వణుకుల్లోనే కలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఫ్లాష్ కాకుండా వెలుతురు వేసి అలాగే ఉంచిన గ్రాఫ్. అది దొరికితే కాస్త ఆగి చూడండి. గీత మొదట సర్రున లేస్తుంది, ఆ తర్వాత వెలుతురు ఏమాత్రం మారకపోయినా మెల్లగా కిందికి దిగుతుంది, అంటే తలుపులు మళ్ళీ కొన్ని తెరుచుకుంటున్నాయన్నమాట. తలుపులు మూసుకోగానే కాల్షియం రావడం తగ్గుతుంది, కానీ కణం దాన్ని బయటికి తోడేయడం మాత్రం ఆపదు. లోపల కాల్షియం పడిపోయేసరికి సైక్లిక్ జీఎంపీ తయారీ జోరందుకుంటుంది. కాల్షియం మారకుండా పట్టి ఉంచితే ఈ సర్దుబాటు చాలావరకు పోతుందని 1988లో తేలింది. ఎండలోంచి ఇంట్లోకి వచ్చినా మనం చూడగలగడంలో ఇలాంటి సర్దుబాటుకి పెద్ద వాటా ఉంది.

ఏ రంగు వెలుతురుకి కణం ఎంత స్పందిస్తుందో చూపే గ్రాఫ్ కూడా ఉంటే, ఎరుపు కోన్ శిఖరం 600 నానోమీటర్లు దాటి ఉందేమో చూడండి. మనిషి కోన్లలో అంత దూరం పోయేది లేదు, మన ఎరుపు కోన్ 560 దగ్గరే ఆగుతుంది. సాలమాండర్ వర్ణకం విటమిన్ ఏ2 నుంచి తయారవడం దీనికి ఒక కారణం.

చివరగా ఉష్ణోగ్రత ఎంతో చూడకుండా వేగాల్ని పోల్చకండి. సాలమాండర్ రికార్డింగులు గది వేడిలో చేస్తారు, ఎలుక, కోతి కణాలవి మామూలుగా 37 డిగ్రీల దగ్గర చేస్తారు.