పెద్దావిడ ఖాతాలో డబ్బు వాడుకున్న కేసులో శిక్ష పడితే అప్పీలు ఎలా వేయాలి?

మంచం పట్టిన మేనత్తకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఏటీఎం కార్డు, పిన్ నంబరు మేనల్లుడి దగ్గర. రెండేళ్లలో ఖాతా ఊడ్చుకుపోయింది. ఆవిడ కేసు పెట్టింది, మేజిస్ట్రేట్ కోర్టు అతనికి రెండేళ్ల జైలు వేసింది అనుకుందాం. ఇలాంటివి చాలావరకు నమ్మకద్రోహం కింద నడుస్తాయి. 2024 జూలై 1కి ముందు తీసిన డబ్బుకైతే పాత శిక్షాస్మృతి ఐపీసీలో సెక్షన్ 406, ఆ తర్వాతైతే దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో సెక్షన్ 316.

తీర్పు రోజు

శిక్ష మూడేళ్లు దాటకుండా, ముద్దాయి అప్పటికే బెయిల్ మీద ఉంటే, అప్పీలుకు వెళ్తామని అదే కోర్టులో పిటిషన్ వేయాలి. ప్రత్యేక కారణం లేకపోతే అప్పీలు వేసుకునే గడువు కోసం బెయిల్ ఇస్తారు. ఆ కాగితం, జామీనుదారులు ముందే సిద్ధంగా ఉండాలి. తీర్పు విన్నాక టైపింగ్ సెంటర్‌కు పరిగెడితే ఆ రాత్రి జైల్లోనే. జైలు శిక్ష పడినవాళ్లకు తీర్పు కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

30 రోజుల్లో

మేజిస్ట్రేట్ తీర్పు మీద అప్పీలు సెషన్స్ కోర్టుకు వెళ్తుంది. గడువు 30 రోజులు. సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులు ఇందులో లెక్కకు రావు. ఆలస్యమైతే కారణం చూపి వేరే పిటిషన్ వేయాలి. ఒంట్లో బాగాలేదని ఊరికే రాస్తే చాలదు, డాక్టరు చీటీ జతచేయాలి. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు. శిక్ష నిలుపుదలకు, బెయిల్‌కు బీఎన్‌ఎస్‌ఎస్ (కోర్టు విధానాల చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 430 కింద విడిగా అడగాలి.

గ్రౌండ్స్ (అప్పీలు కారణాలు) రాయడం

అసలు పని ఇక్కడే. చాలామంది జడ్జిగారికి కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పుకోవచ్చనుకుంటారు. అక్కడ చూసేది కింది కోర్టు రికార్డునే. డబ్బు నమ్మి అప్పగించారని రుజువయ్యాక, అది ఏమైందో మీరు లెక్క చెప్పలేకపోతే దురుద్దేశం ఉందనే అనుకుంటారు.

అందుకే బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఒక తెల్లకాగితం మీద గీతలు గీయండి. 12న రూ.10,000 డ్రా, 13న ఆస్పత్రి బిల్లు రూ.8,400, ఆ బిల్లుకు కోర్టులో వేసిన మార్కు నంబరు. ఇలా వరుసగా. జత కుదరని వరుసలే మీ కేసుకు బలహీనత, వాటిని లాయరు దగ్గర దాచొద్దు. బిల్లులు అప్పట్లో దాఖలు చేయకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 432 కింద అదనపు సాక్ష్యానికి అడగొచ్చు కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. అప్పుడెందుకు ఇవ్వలేదన్నదే మొదటి ప్రశ్న.

ఇంకోటి. కింది కోర్టు విచారణలో జడ్జిగారు అడిగినప్పుడు మీరేం చెప్పారో చదవండి. అక్కడ "నేను అసలు డ్రా చేయలేదు" అని, ఇక్కడ "ఆవిడ మందులకే ఖర్చుపెట్టాను" అంటే రెండూ పొసగవు.

రాజీ

డబ్బు తిరిగి కట్టేస్తే నేరం చెరిగిపోదు. 406, 316(2) కేసుల్లో కోర్టు అనుమతితో రాజీకి వీలుంది, అప్పీలు దశలో కూడా. కానీ ఒప్పుకోవాల్సింది సాధారణంగా డబ్బు ఎవరిదో ఆ పెద్దావిడ, ఆమె పిల్లలు కాదు. దొంగ సంతకం, ఫోర్జరీ సెక్షన్లు కూడా ఉంటే వాటిని ఇలా రాజీ చేసుకోలేరు.

అవతలి వైపు

ముద్దాయిని వదిలేసినా, పరిహారం తక్కువైనా బాధితురాలు బీఎన్‌ఎస్‌ఎస్ 413 కింద తానే అప్పీలు వేయొచ్చు. శిక్ష పెంచమని మాత్రం ఆ దారిలో అడగలేరు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు, 15100కి ఫోన్ చేయాలి. జరిమానాలోంచి పరిహారం ఇమ్మని తీర్పులో ఉన్నా, ముద్దాయి అప్పీలు తేలేదాకా ఆ డబ్బు ఆవిడ చేతికి రాదు. ఎనభై ఏళ్ల మనిషి విషయంలో ఈ నిబంధన నాకు ఎప్పుడూ మింగుడుపడదు. కేసు త్వరగా వినమని, వయసు రుజువు జతచేసి, ఆవిడ తరఫున పీపీ (ప్రభుత్వ లాయరు) ద్వారా అడిగించుకోవచ్చు.