పాత కారుకి కంప్యూటర్ కార్బ్యురేటర్ ఉంటే స్క్రూలు తిప్పేముందు డ్వెల్ చూడండి

1980ల నాటి జీఎం (అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్) కార్లలో చాలావాటికి కంప్యూటర్ నడిపే కార్బ్యురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) ఉంటుంది. ఎవరో దిగుమతి చేసుకున్న అలాంటి బండొకటి మీ చేతికొచ్చి, ఐడిల్‌లో తడబడుతోందని బెజవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తే, మెకానిక్ ముందు స్క్రూడ్రైవర్ తీస్తాడు. స్క్రూలు తిప్పనివ్వకండి, ప్లీజ్. ముందు వాక్యూమ్ గొట్టాలు (ఇంజిన్ పీల్చుడు శక్తిని వేరే భాగాలకి అందించే సన్నటి గొట్టాలు) చూడండి, మన ఎండలకి రబ్బరు బిరుసెక్కిపోయి, వేలితో వంచగానే పగుళ్లు నోరు తెరుస్తాయి.

అవి బాగుంటే, కార్బ్యురేటర్ దగ్గర ఖాళీగా వేలాడే పచ్చ కనెక్టర్‌కి డ్వెల్ మీటర్ తగిలించండి (కార్బ్యురేటర్లో పెట్రోలు తగ్గించే కరెంటు వాల్వుని కంప్యూటర్ ఎంతసేపు ఆన్ చేసి ఉంచుతోందో డిగ్రీల్లో చెప్పేదే డ్వెల్), ఇంజిన్‌కి ఎన్ని సిలిండర్లున్నా స్కేలు మాత్రం 6 సిలిండర్లదే. ఇంజిన్ బాగా వేడెక్కాక ముల్లు 10, 50 డిగ్రీల మధ్య ఊగుతుంటే కంప్యూటర్ తన పని చేస్తున్నట్టే. 10 దగ్గరే అతుక్కుపోయిందా? ఎక్కడో గాలి దూరుతోంది, పాపం కంప్యూటర్ పెట్రోలు పెంచుతూ సర్దుకోవాలని చూస్తోంది. 50 దాటి నిలబడితే పెట్రోలు ఎక్కువైనట్టు, ఫ్లోట్ (కార్బ్యురేటర్లో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలే బుడ్డి), చోక్ (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించే మూత) చూడండి. మధ్యలో కదలకుండా ఉంటే పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మీదో, ఇంజిన్ నీళ్ల వేడి కొలిచే కూలెంట్ సెన్సర్ మీదో అనుమానం పెట్టుకోవచ్చు. ఆక్సిజన్ సెన్సర్ని టెస్ట్ బల్బుతో ముట్టుకోవద్దు, డిజిటల్ మల్టీమీటరే వాడండి.