ఎయిర్ రైఫిల్ కొనే ముందు: చెన్నైలో ఉండే మనవాళ్లకు

సరదాగా గురి చూసి కాల్చడానికే అయితే .22 తూటా రైఫిల్ జోలికి పోకండి. దానికి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి, తూటా కిలోమీటరు దాటి వెళ్లగలదు. 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్ చాలు. ఒలింపిక్స్ పది మీటర్ల పోటీలో వాడేదీ ఆ కొలతే.

☐ రైఫిల్ కాల్చే శక్తి 20 జూళ్లు (శక్తి కొలత) మించకూడదు. ఆ పరిమితి లోపలే లైసెన్సు మినహాయింపు. మోడల్ పేరు, క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) బిల్లు మీద రాయించుకోండి.

☐ దుకాణంలో గొట్టాన్ని మడిచి చూడండి. స్ప్రింగ్ రకం రైఫిల్‌లో గొట్టాన్ని మడిస్తే స్ప్రింగ్ బిగుస్తుంది; అందుకే పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టేటప్పుడు ఒక చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకోవాల్సిందే. అది జారి ఎగిరిందా, వేళ్లు నలుగుతాయి. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కి "చూపించే" అమ్మకందారును ఆపండి. ఖాళీగా పేలిస్తే లోపలి సీలు పాడవుతుంది.

☐ చవక రైఫిల్‌కు టెలిస్కోపు ఎందుకు? ఆ డబ్బుతో మంచి పెల్లెట్లు, కంటి అద్దాలు కొనండి.

☐ ఉక్కు గుండ్లు వద్దు. గొట్టం లోపలి మెలికల గాళ్లు అరిగిపోతాయి, పైగా ఆ గుండ్లు గట్టి గోడకు తగిలి వెనక్కి వస్తాయి.

☐ అపార్టుమెంటు మేడ మీద కాల్చే ఆలోచన మానండి. పక్క మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తూనే ఉంటారు. రైఫిల్ క్లబ్బులో చేరడమే మేలు.

☐ పక్షుల మీద గురి పెట్టడం సరదా కాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

☐ సీసం పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి నూనె గుడ్డతో గొట్టం తుడిచి, తాళం వేసి, పిల్లలకు అందకుండా పెట్టండి.