వంటిల్లు బాగు చేయిస్తున్నారా? గోడ జోలికి పోయే ముందు ఇది చూడండి

మొన్న మా పక్క ఊళ్లో ఒక డాబా ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీయించారు. తీసిన రోజు ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. ఆ తర్వాత మోటారు వేసి పైన ట్యాంకు నింపారు, మధ్యాహ్నం అన్నాల వేళకి స్లాబు నడిమికి విరిగి దిగిపోయింది. పనివాళ్లు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లబట్టి సరిపోయింది కానీ, గుమ్మంలో నిలబడ్డ ఒకాయనకి మాత్రం కాలు విరిగింది.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే మన కోనసీమలో, ఆ మాటకొస్తే పాలకొల్లు, భీమవరం వైపు కూడా, ఇంటి పనులకి ఇదే అదను. దాళ్వా కోతలై డబ్బు చేతికొస్తుంది, కువైట్ నుంచో డల్లాస్ నుంచో పిల్లలు ఓపెన్ కిచెన్ ఫొటోలు పంపుతారు, సిద్ధాంతి గారు పొయ్యి ఆగ్నేయానికి జరపాలంటారు, ఇక మృగశిర కార్తె రాకముందే, అంటే జూన్ మొదటి వారంలోపే, అంతా అయిపోవాలని ఊరంతా ఒకేసారి మొదలుపెడుతుంది. ఇళ్ల పనులు చేయించడమే నా బతుకుతెరువు కాబట్టి చెప్తున్నా, ఈ హడావుడిలో కొంపలు ముంచేది ఏటా ఒకటే తప్పు: స్లాబు కింద జాకీలు, అంటే ఊతంగా నిలబెట్టి బిగించే ఇనుప స్తంభాలు, పెట్టకుండా గోడ తీయడం. హెల్మెట్ పెట్టుకోండి, చెప్పులేసుకోండి లాంటివి మీకు తెలిసినవే, వాటిని వదిలేస్తున్నాను.

ముందు గోడ సంగతి

ఎనభైల్లో, తొంభైల్లో మన ఊళ్లలో కట్టిన డాబాల్లో చాలా వాటికి పిల్లర్లు లేవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ కట్టి, దాని మీదే స్లాబు పోసేశారు. అంటే ఆ గోడే పిల్లరు, ఆ గోడే బీము.

లెక్క చూడండి. వంటిల్లు పదడుగులు, హాలు పదడుగులు అనుకుందాం. మధ్య గోడ ఉన్నంతసేపు స్లాబు పదేసి అడుగులు దాటితే చాలు. గోడ తీస్తే ఏకంగా ఇరవై అడుగులు దాటాలి. దూరం రెట్టింపైతే స్లాబుని వంచే బలం నాలుగింతలవుతుంది, లెక్క ప్రకారం కుంగుడు పదహారింతలు. లోపలి ఊచలేమో పదడుగుల లెక్కకి వేసినవి, పైగా చాలా ఇళ్లలో సరిగ్గా ఆ గోడ మీదే వాటికి అతుకు ఉంటుంది. నాలుగంగుళాల స్లాబు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవంటే ఉత్త కాంక్రీటే నాలుగున్నర టన్నుల పైమాట. దాని కింద మనం స్టూలు వేసుకుని చిమ్నీ ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటాం.

మరి వెంటనే ఎందుకు పడదు? చుట్టూ ఉన్న గోడలు, పైన పిట్టగోడ కొంత పట్టి ఉంచుతాయి, ఊచలు కూడా తెగే ముందు సాగుతాయి. అందుకే రెండ్రోజులో రెండు నెలలో నిలబడుతుంది. తీసిన రోజు పడలేదు కాబట్టి ఇక పడదు అనుకుంటారే, ఆ ధీమాయే మనుషుల్ని చంపేది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. డాబా మీద తూముకి కొబ్బరి పూత, ఆకులు అడ్డుపడి పదడుగులకి పదడుగుల మేర నాలుగంగుళాల నీళ్లు నిలిచినా దాదాపు టన్నే. గోడ ఏప్రిల్‌లో తీస్తే స్లాబు మొదటి పెద్ద వాన దాకా ఆగొచ్చు. అప్పుడు కింద పడుకునేది పనివాళ్లు కాదు, మీరు.

‘ఏం అవదండి బాబూ, మనం ఎన్ని తీయలేదూ’ అని మేస్త్రీ గారు అంటారు. ఆయన పనితనాన్ని నేను తక్కువ చేయట్లేదు, ప్లాస్టరింగులో ఆయన చేతికి వంక పెట్టలేం. కానీ స్లాబులో ఊచ ఎటు ఉందో, ఎంత తుప్పు పట్టిందో పైనుంచి చూసి ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. స్ట్రక్చర్ లెక్క కట్టే ఇంజినీరుని ఇంటికి పిలిపించి, చూపించి, కాగితం మీద రాయించుకోండి. ఫోన్లో ఫొటో చూసి చెప్పేది చెల్లదు.

నాలుగున్నర అంగుళాల గోడైతే ఫర్వాలేదని ఒక మాట ఉంది. చాలాసార్లు నిజమే, అన్నిసార్లూ కాదు. స్లాబు ఏళ్ల తరబడి కుంగి ఆ సన్న గోడ మీద కూర్చుని ఉండొచ్చు. దానిపైనే మేడ మీద గోడ ఉండొచ్చు, మెట్ల ల్యాండింగ్ ఉండొచ్చు, ట్యాంకు దిమ్మ ఉండొచ్చు. డాబా ఎక్కి చూడండి ముందు.

సరే, ఇంజినీరు తీయొచ్చన్నారు, బీము ఎంతుండాలో చెప్పారు. అప్పుడు కూడా మొదటి ఇటుక కదిలే ముందు గోడకి రెండు పక్కలా జాకీలు నిలబెట్టాలి, వాటి నెత్తిన స్లాబుని ఆనుకుని అడ్డ దూలం ఉండాలి, బిగించి ఉండాలి. ఒక పక్క పెడితే చాలదు. ఇక్కడ మన నేల గురించి ఒక మాట. వంటింట్లో పాత గచ్చు తవ్వేశాక కింద ఉండేది నింపిన ఇసుక, దాని కింద చాలా చోట్ల నల్లరేగడి. దాని మీద జాకీ పెడితే మెల్లగా దిగబడిపోతుంది, పైన చూడటానికి మాత్రం నిలబడే ఉంటుంది. అందుకే కింద మందపాటి చెక్క పలకలు పరచాలి, రోజూ పొద్దున్నే జాకీ వదులైందేమో చేత్తో కదిపి చూడాలి. గచ్చు తవ్వకముందే జాకీలు పెట్టేస్తే ఇంకా మంచిది. తీసేది మేడ మీద గోడైతే కింది అంతస్తులో కూడా జాకీలు ఉండాలి, లేకపోతే పై బరువంతా తెచ్చి కింది స్లాబు మీద పెట్టినట్టే. సరుగుడు బాదులు ఉన్నాయి కదా అంటారు, వంకర బాదు బరువు పడగానే విల్లులా వంగుతుంది. ఇనుప జాకీలే తెప్పించండి. వాటి అద్దె మీరు వేయించే గ్రానైటు ఖర్చులో ఏ మూలకీ రాదు.

బీము చివర్లు ఉత్త పాత ఇటుక మీద ఆనించకూడదు, బరువంతా రెండు చోట్లకే వచ్చి ఆ ఇటుకలు నలిగిపోతాయి. కింద దిమ్మ కావాలా, పునాది నుంచి పిల్లరే లేపాలా అన్నది ఇంజినీరు చెప్పాలి. కాంక్రీటు బీము పోస్తే ఆరు మీటర్ల లోపు బీముకి 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు జాకీలు తీయకూడదు, మన దేశపు కాంక్రీటు కోడు చెప్పేది ఇదే. సఖినేటిపల్లి, మలికిపురం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు వాళ్లు ఇంకోటి చూసుకోవాలి: బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఊచ ఉన్న కాంక్రీటుకి వాడొద్దు. లీటరుకి 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటకూడదని అదే కోడులో ఉంది. నాలుక మీద వేసుకుని తేల్చకండి, నీళ్లు పరీక్షకి ఇవ్వండి.

పెంకుటిల్లు, మండువా లోగిలి వాళ్లకి లెక్క వేరు, ప్రమాదం అదే. దూలం కొస గోడలోపల కూర్చుని ఉంటుంది, ఆ కొసనే చెద తినేసి ఉంటుంది, బయటికి నున్నగా నల్లగా కనిపిస్తూనే ఉంటుంది. గోడ మట్టితో కట్టిందైతే ఒక పక్క పెళ్లగిస్తుంటే రెండో పక్క దానంతటదే జారుతుంది. దూలానికి ఊతం పెట్టకుండా గోడ తీయొద్దు.

పైపులకి, వైర్లకి గాడులు

గోడ తీయకపోయినా గోడని చంపొచ్చు. కన్సీల్డ్ పైపుల కోసం మిషన్‌తో అడ్డంగా ఈ మూల నుంచి ఆ మూలకి గాడి కొట్టేస్తారు. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. తొమ్మిదంగుళాల గోడకి అడ్డ గాడి అంటే అంగుళంన్నర, అంతే. నాలుగున్నర గోడకైతే ముప్పావు అంగుళం, అందులో పైపు సరిగ్గా పట్టదు కాబట్టి అసలు కొట్టించకండి. పైపు గచ్చు కిందుగా తెచ్చి నిలువుగా లేపండి.

మెయిన్ ఆపేశాం కదా అని గోడ తవ్వేస్తారు. ఇన్వర్టరు? దాని లైను బతికే ఉంటుంది. కరెంటు పోయినా ఫ్యాను తిరిగే ఇల్లు మీదైతే మెయిన్‌తో పాటు ఇన్వర్టరు ఆపి, బ్యాటరీ వైరు కూడా విప్పాకే గోడ మీద సమ్మెట పడాలి. టైల్స్ కోసే మిషన్ వైరు కొసలు ఒలిచి ప్లగ్గు కన్నాల్లో పుల్లలు గుచ్చి నడిపిస్తారు, కింద చూస్తే నీళ్లు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, పెట్టించి, త్రీ పిన్ ప్లగ్గుతోనే నడపమనండి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, పాత ఇళ్లలో మూడో కన్నం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు.

ఇక గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు

స్లాబు కింద పెచ్చులు ఊడి ఊచ కనిపిస్తుంటే దాన్ని పూసేసి కింద ఫాల్స్ సీలింగ్ వేయొద్దు. తుప్పు లోపల ఆగదు, మీకు కనిపించడం మాత్రం ఆగిపోతుంది.

గోడ తీసిన గదికి ఫాల్స్ సీలింగ్ ఒక వర్షాకాలం గడిచేదాకా వేయొద్దు. పగులు వస్తే కంటికి కనిపించాలి.

పగులు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. గీత దాటిందంటే ఇంజినీరుకి ఫోన్ చేయండి, మేస్త్రీకి కాదు.

పక్క గది తలుపు ఉన్నట్టుండి బిగుసుకుంటే, పైనుంచి సున్నం పొడి రాలుతుంటే, టిక్కుమని చప్పుడొస్తే బయటికి వచ్చేయండి. ఫోన్ కోసం, బంగారం కోసం వెనక్కి వెళ్లొద్దు.

పగలగొట్టిన ఇటుక, కంకర డాబా మీద పోయొద్దు. సిమెంటు బస్తాలు గది మధ్యలో పేర్చొద్దు.

పని నడిచినన్నాళ్లు ట్యాంకు నింపొద్దు. కింద డ్రమ్ముల్లో పట్టుకోండి.

జాకీలు అడ్డంగా ఉన్నాయి, టైల్స్ వేయడానికి ఒక్కటి పక్కకి జరుపుతామంటారు. ఒక్కటి కూడా వద్దు.

వంటిల్లు లేదని వరండాలో పొయ్యి నేల మీద పెట్టి, పక్కనే సిలిండరు పెట్టి వండుతుంటారు. గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, మీ మంటా నేల మీదే ఉంటుంది. పొయ్యి బల్ల మీదే ఉండాలి, సిలిండరు కంటే ఎత్తులో.

సన్‌మైకా అతికించే గమ్ము, పాలిష్, థిన్నరు వాడేటప్పుడు పక్కన దేవుడి గదిలో దీపం వెలిగించొద్దు. వాసన పోయాక వెలిగించుకోండి, దేవుడేమీ అనుకోడు. అగరొత్తి కూడా వద్దు, వడ్రంగి బీడీ కూడా వద్దు.

సిమెంటు రేకులు పగలగొట్టి దించొద్దు, మిషన్‌తో పొడిగా కోయొద్దు. వాటిలో చాలా వాటికి ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక బయటికి రాదు. నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగా దించండి.

సింకు నీళ్ల గొట్టం కోసం పునాది పక్కనే పొడుగ్గా కాలవ తవ్వి వదిలేయొద్దు. మన నేలలో నాలుగడుగులకే నీరు ఊరే చోట్లున్నాయి, తడిసిన రేగడి పునాది కింద నుంచి జారుకుంటుంది. కొంచెం కొంచెంగా తవ్వి, పైపు వేసి, పూడ్చి, తర్వాత ముక్కకి వెళ్లాలి.

సెప్టిక్ ట్యాంకులోకి మనిషి దిగకూడదు. దిగినవాడు పడిపోతే వాణ్ణి తీయడానికి రెండోవాడు దిగకూడదు. 101కి ఫోన్ చేయండి.

పెరట్లో పేర్చిన పాత ఇటుక, పెంకు చేత్తో ఎత్తొద్దు. కట్లపాము ఉంటుంది. కాటేస్తే 108, గాటు పెట్టడం, కట్టు బిగించడం, నాటు మందు ఏవీ వద్దు.

పెళ్లి ముహూర్తం పెట్టుకుని గోడ తీసే పని మొదలెట్టొద్దు. కాంక్రీటు బీము పోస్తే జాకీలు కనీసం 14 రోజులు ఉండాలని ముందే చెప్పాను, ముహూర్తానికి ఆ సంగతి తెలియదు.

పైకప్పు విప్పే పని మేలోనే ముగించండి. ముగియదనిపిస్తే దసరా, తుఫాన్లు కూడా వెళ్లిపోయాక పెట్టుకోండి.

అలమరలో సిలిండరు పెడుతుంటే తలుపుకి కింద వైపు కన్నాలు పెట్టించండి, గ్యాసు ట్యూబు గోడలోంచి, సొరుగు వెనకనుంచి కనపడకుండా తీసుకెళ్లొద్దు. పాలు పొంగించే రోజు చుట్టాల మధ్య కాదు, ముందురోజే ఏజెన్సీ మనిషిని పిలిచి కనెక్షన్ బిగించి సబ్బునీళ్లు రాసి చూడమనండి. ట్యూబు మీద అచ్చేసిన గడువు దాటితే మార్చేయండి. వాసన వస్తే స్విచ్ వేయొద్దు, తీయొద్దు, రెగ్యులేటరు ఆపి తలుపులు తెరిచి, బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయండి.