వాగ్దాన వాక్యాన్ని దాని అధ్యాయంతో కలిపి చదవడం ఎలా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి వాగ్దాన వాక్యం ఉన్న కార్డును అందుకోవడం తెలుగు క్రైస్తవ కుటుంబాలలో చాలామందికి అలవాటు. ఆ కార్డు బైబిలులోనో, దేవుని గదిలాగా చూసుకొనే ఒక మూలనో, కొన్ని ఇళ్లలో గోడమీదనో ఏడాది పొడుగునా ఉంటుంది. ఇది మంచి ఆచారమనే నేను నమ్ముతాను, ఎందుకంటే బైబిలు తెరిచే తీరిక లేనివారికి కూడా అది ఒక వచనాన్ని కంఠతా నేర్పుతుంది. అయితే కార్డుమీద ఒక వచనానికే చోటు ఉంటుంది. ఆ వచనం ఎవరితో, ఏ కష్టంలో పలికిన మాటో తెలిసినప్పుడే అది మన కష్టంలోకి పూర్తి బలంతో వస్తుంది. కార్డు నుంచి అధ్యాయానికి ఎలా వెళ్లాలో యిర్మీయా 29:11 ఆధారంగా చూద్దాం. దేవుడు తన ప్రజలనుగూర్చి ఉద్దేశించినవి "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని చెప్పే ఈ వచనం తరచుగా కార్డులమీద కనబడుతుంది.

ముందుగా ఆ వచనమున్న అధ్యాయాన్ని, దానికి ముందున్న అధ్యాయాన్ని ఒకేసారి కూర్చొని బిగ్గరగా చదవండి. వ్యాఖ్యాన గ్రంథాన్ని అప్పుడే తెరవవద్దు. చదువుతూ కాగితంమీద మూడు సంగతులు రాసుకోండి: మాట్లాడుతున్నది ఎవరు, వింటున్నది ఎవరు, అప్పటికి వారికి ఏమి జరిగింది. యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరమని మొదటి వచనమే చెబుతుంది. క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకొని యూదా రాజైన యెకొన్యాను, రాజమాతను, అధిపతులను, శిల్పకారులను, కంసాలులను బబులోనుకు చెరగా తీసుకొనిపోయాడు. యెరూషలేములోనే మిగిలిన యిర్మీయా ప్రవక్త ఆ చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరం ఇది. తరువాతి కాలంలో ఎజ్రా బృందం బబులోను నుంచి యెరూషలేముకు చేరడానికి నాలుగు నెలలు పట్టిందని ఎజ్రా గ్రంథం చెబుతుంది. అంత దూరంలో, ఇల్లూ పొలమూ దేవాలయమూ వదిలి, తమను ఓడించినవారి మధ్య బతుకుతున్నవారు ఈ మాటను మొదట విన్నారు.

28వ అధ్యాయాన్ని దాటవేయకూడదని చెప్పడానికి ఒక గట్టి కారణం ఉంది. అందులో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనులందరి ఎదుట నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుందనీ, చెరపట్టబడినవారు తిరిగి వస్తారనీ ప్రకటించి, బబులోనుకు లోబడాలనే సూచనగా యిర్మీయా మెడమీద ఉంచుకున్న కాడిని తీసి విరిచివేస్తాడు. యిర్మీయా మొదట "ఆమేన్" అంటాడు, ఆలాగే జరగాలని అతడూ కోరుకున్నాడు. కాని దేవుడు ఆ మాట పలకలేదు. 29వ అధ్యాయంలోని ఉత్తరంలో యిర్మీయా రాసిన సంఖ్య 2 కాదు, 70. అది మన కార్డు వచనానికి సరిగ్గా ముందు, 10వ వచనంలో ఉంది. డెబ్బది సంవత్సరాలంటే ఆ ఉత్తరాన్ని విన్న పెద్దవారిలో అత్యధికులు బబులోనులోనే కన్నుమూస్తారని అర్థం. అయినా వారికే సమాధానకరమైన ఉద్దేశములు అని దేవుడు చెప్పాడు. ఈ సంగతి గ్రహించాక, ఉద్యోగం ఈ నెలలోనే వస్తుందనో, రోగం ఈ వారంలోనే నయమవుతుందనో చెప్పడానికి ఈ వచనాన్ని వాడలేము. దానికి బదులు ఇంకా పెద్ద ఆదరణ దొరుకుతుంది: మన కళ్లతో ఫలితం చూడకపోయినా, మన పిల్లల వరకు, వారి పిల్లల వరకు సాగే మేలు దేవుని మనస్సులో ఉండగలదు.

తరువాత వాగ్దానానికి దగ్గరలో ఉన్న ఆజ్ఞలను వెదకండి. ఈ ఉత్తరంలో అవి 5 నుంచి 7 వరకు ఉన్న వచనాలలో ఉన్నాయి: ఇళ్లు కట్టుకోవాలి, తోటలు నాటి వాటి ఫలాలు తినాలి, పెండ్లిళ్లు చేసుకొని పిల్లలను కనాలి, తాము చెరలో ఉన్న పట్టణం క్షేమాన్ని కోరి దానికొరకు ప్రార్థించాలి. ఆ పట్టణం బబులోను. తమ దేశాన్ని దోచినవారి ఊరి మేలు కోరి మొఱ్ఱపెట్టమనడం వినేవారికి ఎంత కఠినంగా ఉండి ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి. పాత నిబంధనలో నన్ను ఎక్కువగా కదిలించే ఆజ్ఞలలో ఇది ఒకటి. ఎదురుచూపు కాలం వృథా కాలం కాదనీ, వాగ్దానం నెరవేరేలోగా చేయవలసిన పని ఉందనీ ఆ మూడు వచనాలు నేర్పుతాయి.

ఇప్పుడు మీ జీవితానికి అన్వయించండి, కాని ఒక నియమంతో: ఒక పోలికను, ఒక తేడాను తప్పక రాయండి. కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తూ కడప జిల్లాలోని ఇంటికి డబ్బు పంపే తల్లికి పరాయి ఊరి ఒంటరితనం తెలుసు, తిరిగి వెళ్లే రోజు తన చేతిలో లేదని తెలుసు. ఇది పోలిక. యూదులు యుద్ధంలో ఓడి, అవిధేయతకు తీర్పుగా చెరపోయారు. ఆమె కుటుంబాన్ని పోషించడానికి వెళ్లింది, ఆమె కష్టాన్ని ఎవరూ శిక్ష అనకూడదు. ఇది తేడా. తేడా రాసుకోని చదువరి లేఖనంలోని తీర్పును బాధలో ఉన్నవారిమీద మోపే ప్రమాదం ఉంది. పోలిక రాసుకోనివాడు అధ్యాయాన్ని పాత చరిత్రగా మూసివేస్తాడు.

ఆ తరువాత అదే మాటను బైబిలులో మరెవరైనా ఎత్తుకున్నారా అని రిఫరెన్సు బైబిలులో చూడండి. యిర్మీయా చెప్పిన డెబ్బది సంవత్సరాల మాటను దానియేలు 9వ అధ్యాయంలో దానియేలే చదువుతున్నాడు. క్రీ.పూ. 539లో బబులోను పారసీకుల వశమైంది, గడువు దగ్గరపడిందని అతడు గ్రంథాల నుంచి గ్రహించాడు. గ్రహించి ఊరుకోలేదు. ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకొని, ధూళి తలపైన వేసుకొని, తన జనుల పాపాన్ని తన పాపంగా ఒప్పుకొని ప్రార్థించాడు. మీరు నాకు మొఱ్ఱపెట్టితే ఆలకిస్తాను, పూర్ణమనస్సుతో వెదకితే కనుగొంటారు అని చెప్పే 12, 13 వచనాలు మన కార్డు వచనం వెంటనే ఉన్నాయి. దానియేలు ప్రార్థన చదివితే అవి గుర్తుకురాక మానవు. యిర్మీయా రాసిన మాట దశాబ్దాల తరువాత దానియేలును మోకాళ్లమీదికి తెచ్చిన తీరును బైబిలే ఇక్కడ చూపుతోంది.

ఇతర వాగ్దానాలనూ ఇలాగే చదవవచ్చు. తలగా నియమిస్తాడు గాని తోకగా కాదు అనే ద్వితీయోపదేశకాండము 28:13 ఆజ్ఞలను అనుసరించాలనే షరతుతో ఒక జనానికి చెప్పిన మాట. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న ఫిలిప్పీయులకు 4:13లోని పౌలు బంధకాలలో ఉన్నాడు, ఆకలిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని దానికి ముందే చెప్పాడు. 91వ కీర్తనలోని, దేవదూతలు కాపాడుతారనే వాగ్దానాన్ని మాత్రం ప్రత్యేక జాగ్రత్తతో చదవండి. మత్తయి 4లో దేవాలయ శిఖరంమీద ఆ వచనాలను ఎత్తిచెప్పినవాడు అపవాది. సందర్భం నుంచి తెంచిన లేఖనానికి యేసు మరొక లేఖనంతోనే జవాబిచ్చాడు.

కుటుంబ ప్రార్థనలో ఇది చేయాలనుకుంటే ఒక వారం కేటాయించండి. మొదటి రోజు ఇంట్లో బాగా చదవగలిగినవారు 28వ అధ్యాయాన్ని, రెండో రోజు 29వ అధ్యాయాన్ని చదవాలి, అప్పుడు ఎవరూ ప్రసంగించకూడదు. మూడో రోజు పిల్లలను అడగండి: ఉత్తరం అందుకున్న ఇంట్లో అమ్మమ్మ ఏమనుకొని ఉంటుంది, పదేళ్ల పిల్లవాడు ఏమనుకొని ఉంటాడు? పిల్లల జవాబులు పెద్దలకు తట్టనివై ఉంటాయి, వాటిని సరిదిద్దడానికి తొందరపడవద్దు. నాలుగో రోజు పోలికను, తేడాను రాయండి. ఐదో రోజు దానియేలు 9 చదవండి. ఆరో రోజు మీరు ఉంటున్న ఊరి కొరకు ప్రార్థించండి, పంచాయతీ నీళ్ల ట్యాంకు, బడి, పక్కింటి వారి పేర్లతో సహా. ఏడో రోజు కార్డు వెనుకవైపు 5, 6, 7, 10, 12, 13 వచనాల సంఖ్యలను పెన్నుతో రాసి, తరువాతి ఏడాది ఇదే వచనం అందుకునే బంధువుకు ఆ కార్డు ఇవ్వండి.