డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లతో పాటు పీసీవీ కూడా చూడండి

తొలకరి మొదలు నవంబరు దాకా ఎవరికి జ్వరం తగిలినా ఇంటిల్లిపాదీ అడిగేది ఒక్కటే: ప్లేట్‌లెట్లు ఎన్ని? డెంగీలో ఎక్కువసార్లు ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం ప్లాస్మా తగ్గిపోవడం. రక్తంలో దాదాపు 55 శాతం ప్లాస్మా, అందులో 90 శాతం నీరే. జబ్బు ముదిరితే సన్నటి రక్తనాళాల గోడలు వదులై ఆ నీరు బయటికి కారి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడి బీపీ పడిపోతుంది.

ఆ చిక్కదనం తెలిసేది సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టులోని పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, దగ్గర. మనిషి మామూలు పీసీవీ మీద 20 శాతం పెరిగిందంటే ప్లాస్మా కారుతున్నట్టు. చిక్కంతా ఆ 'మామూలు' ఎంతన్నదే. రక్తహీనత ఉన్నావిడకి ఎప్పుడూ 30 ఉంటుందనుకోండి. డెంగీలో అది 36 అయితే రిపోర్టు చూసినవాళ్లకు భయమేమీ అనిపించదు, కానీ సరిగ్గా 20 శాతం పెరిగింది. అందుకే వానలకు ముందే ఇంట్లో అందరి పాత సీబీపీ రిపోర్టులూ వెతికి ఒక కవర్లో పెట్టుకోండి. అవి లేకపోతే జ్వరం వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే ఒకసారి చేయించండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. పెద్దలకు 500 లేదా 650 మిల్లీగ్రాములు, మాత్రకీ మాత్రకీ 6 గంటల ఎడం. పిల్లలకు కిలో బరువుకు 10–15 మిల్లీగ్రాములు. ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగితే కడుపులో రక్తస్రావం కావచ్చు. కండకు సూదిమందు కూడా వద్దు, గుచ్చినచోట రక్తం గడ్డకడుతుంది. గుండెజబ్బుకు ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా మానకుండా ఆ రోజే డాక్టర్ని అడగాలి.

జ్వరం దిగిన రోజున "తగ్గిపోయింది" అని ఊపిరి పీల్చుకోకండి. ప్లాస్మా కారేది ఎక్కువగా అప్పుడే, ఆ 24–48 గంటల్లోనే. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, చల్లబడ్డ చేతులు, మగత, 6 గంటలైనా మూత్రం రాకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేలి గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. అంతకన్నా ఆలస్యమైతే అర్ధరాత్రయినా ఆగవద్దు.

రక్తస్రావం లేకుండా 10 వేలకు పైన ఉంటే ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టర్ని ఒత్తిడి చేయకండి. ఎక్కించినవీ త్వరగానే నశిస్తాయి. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ మానేయడం ఇంకా పెద్ద పొరపాటు. సెలైన్ కూడా "ఇంకో బాటిల్ పెట్టండి" అని అడిగే వస్తువు కాదు. కారిన నీరు రెండు రోజుల తర్వాత తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పటికే సెలైన్ ఎక్కువైతే ఆయాసం మొదలవుతుంది.

రోగిని మొదటి అయిదారు రోజులు పగలు కూడా దోమతెరలోనే ఉంచండి. డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగటిపూటే, ఈ రక్తం తాగిన దోమే కొన్ని రోజులకు పక్కవాళ్లకు అంటిస్తుంది.