బడి గ్రౌండ్‌లో త్రోబాల్: గీతలు, పట్టు, విసురు

వరంగల్, కరీంనగర్ వైపు ఏ హైస్కూల్‌కు పోయినా వాలీబాల్ పోల్స్ రెండు కనిపిస్తాయి. నెట్ మీదుగా వచ్చే బంతిని చేతులతో పట్టి తిరిగి విసిరే ఆట త్రోబాల్. దాన్ని కూడా ఆ పోల్స్ మధ్యనే, ఆ గీతల మీదనే ఆడిస్తుంటారు. సగం లొల్లి అక్కడే మొదలవుతుంది. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. త్రోబాల్ కోర్టు 18.30 మీటర్ల పొడవు, 12.20 మీటర్ల వెడల్పు. పొడవులో తేడా జానెడే గానీ, వెడల్పులో ఒక్కో పక్కన 1.60 మీటర్లు పెరుగుతుంది. చిన్న కోర్టులో అలవాటైన పిల్లలు పోటీలకు పోతే పక్కగీతల దగ్గర పడే బంతులన్నీ వదిలేస్తారు. వాళ్ల కంటికి అవి అవుట్.

ఇంకో చిక్కుంది. వాలీబాల్ పోల్స్ పక్కగీతకు మీటరు బయట పాతి ఉంటే, త్రోబాల్ గీతలు గీశాక అవి కోర్టు లోపలికి 60 సెంటీమీటర్లు వచ్చేస్తాయి. బంతి మీద చూపు పెట్టి పక్కకు ఉరికిన పిల్ల నేరుగా ఇనుప పైపుకు గుద్దుకుంటుంది. పోల్స్ తీసి దూరంగా పాతే వీలుంటే పాతండి. లేదంటే రోజువారీ ఆటకు కోర్టునే పోల్స్ లోపలికి కుదించి, పైపులకు పాత గోనెసంచి చుట్టి కట్టండి. పోటీ దగ్గర పడ్డప్పుడు మాత్రం పూర్తి వెడల్పు గీసి, నెట్ లేకుండానైనా సరే, ఎక్కడ నిలబడాలో అలవాటు చేయించాలి.

గీయడానికి టేపు, నాలుగు మేకులు, సుతిలి, ముగ్గుపిండి చాలు. సున్నం వద్దు, కళ్లల్లో పడితే మండుతుంది. మూలలు సరిగ్గా వచ్చాయా లేదా చూసుకోవడానికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా టేపు పట్టండి. రెండు వైపులా 22 మీటర్లు వస్తే మూలలు సరిగ్గా వచ్చినట్టే. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వస్తే ఒక పక్కకు ఒరిగిందన్నమాట. ఆటల పీరియడ్ సాయంత్రమే ఉంటుంది కాబట్టి పొడవును ఉత్తర దక్షిణాలుగా పెట్టండి. లేకపోతే ఒక జట్టు మొత్తం పొద్దుకు ఎదురుగా నిలబడి బంతి పట్టాల్సి వస్తుంది. మొరం నేల అయితే గులకరాళ్లు ఏరించి, కొంచెం నీళ్లు చల్లించండి.

నెట్ పై అంచు నేల నుంచి 2.20 మీటర్లు. నడుమ వేలాడుతుంది కాబట్టి కొలత నడుమనే తీయాలి, పోల్ దగ్గర కాదు. నెట్ కింద మధ్యగీతకు రెండు వైపులా బాక్స్ గీత ఉంటుంది. కొన్నిచోట్ల మధ్యగీతకు మీటరు దూరంలో, కొన్నిచోట్ల మీటరున్నర దూరంలో గీస్తారు. మీరు ఆడబోయే పోటీలో ఎంతో ముందే కనుక్కోండి. ఆ బాక్స్‌లో కాలు పెట్టి ఆడితే ఫౌల్.

జట్టుకు ఏడుగురు, సెట్టుకు 15 పాయింట్లు, మూడు సెట్లలో రెండు గెలిచినవాళ్లది ఆట. తొమ్మిది మందితో, 25 పాయింట్లకు ఆడించే చోట్లు కూడా ఉన్నాయి. సెట్టుకు ఒక్కో జట్టుకు 30 సెకన్ల టైమ్‌అవుట్‌లు రెండు. సర్వీస్ చేసిన జట్టుకే పాయింటా, ర్యాలీ (సర్వీస్ నుంచి బంతి ఆగేదాకా సాగే ఆట) ఎవరు గెలిస్తే వాళ్లకా అన్నది టాస్ ముందే చెప్పేయాలి. 40 నిమిషాల పీరియడ్‌లో అయితే రెండోదే నయం, ఆట తెమలుతుంది.

విజిల్ వేసిన 5 సెకన్లలోపు సర్వీస్ అయిపోవాలి. వెనక గీత తొక్కొద్దు, దాటొద్దు. ఎగిరి వేయొచ్చు. సర్వీస్ బంతి నెట్‌కు తగిలితే పోయినట్టే. అవతలి జట్టు ముందు ఇద్దరు, నడుమ ముగ్గురు, వెనక ఇద్దరుగా నిలబడి ఉండాలి. సర్వీస్ బంతిని ఒక్కసారికే పట్టాలి. చేతిలోంచి జారి మళ్లీ దొరకబట్టుకుంటే ఒప్పుకోరు.

అసలు ఆటంతా పట్టులోనే ఉంది. రెండు చేతులతో, అరచేతులతోనే పట్టాలి. ఛాతీకో, మోచేతికో, కడుపుకో బంతి తగిలిందంటే ఫౌల్. కొత్తగా వచ్చినవాళ్లు బంతిని గుండెలకు హత్తుకుంటారు. భయం వల్ల వచ్చే అలవాటది, తిడితే పోదు. ఇద్దరిని నాలుగు మీటర్ల దూరంలో నిలబెట్టి, మోచేతులు కొంచెం మడిచి, శరీరానికి మూరెడు ముందే బంతి అందుకోమనండి. వేళ్లు విప్పారి ఉండాలి, బొటనవేళ్లు దగ్గరగా ఉండాలి. బంతి తగలగానే చేతులు కొద్దిగా వెనక్కి రావాలి. కర్రల్లా బిగబట్టిన చేతులకు తగిలి బంతి ఎగిరిపోతుంది. నడుము కిందికి వచ్చే బంతికి నడుము వంచితే అది ముంజేతికి తగులుతుంది, మోకాళ్లు వంచి కూర్చున్నట్టు దిగాలి. పట్టేటప్పుడు కాళ్లు నేల మీదే ఉండాలి. ఇద్దరు ఒకేసారి ఒకే బంతిని పట్టొద్దు. అందుకే “నాది” అని గట్టిగా అరవడం మొదటిరోజే నేర్పండి. సిగ్గుపడి నోరు మెదపని జట్టుకు ఇద్దరి నడుమ పడే బంతులే ఎక్కువ పోతాయి.

పట్టాక 3 సెకన్లలో విసరాలి. పక్కవాళ్లకు పాస్ ఇవ్వడం లేదు, బంతి ఎవరు పట్టుకుంటే వాళ్లే అవతలికి వేయాలి. ఒక్క చేత్తో, భుజం పైనుంచే. విసిరేటప్పుడు ఎగరొచ్చు. ఇక్కడ రెండు తప్పులు పదేపదే చూస్తాం. ఒకటి, అలసిపోయాక చేయి కిందికి దిగి, బంతి నడుము పక్కనుంచి పోవడం. రెండోది, బరువు ఆపలేక రెండో చేయి చివరిదాకా బంతి మీదే ఉండడం. చిన్న తరగతుల పిల్లలకు రెండోది తప్పదు, వాళ్లకు చిన్న బంతి ఇస్తే తీరుతుంది. గాలి ఎక్కువ కొట్టిన బంతి కూడా అరచేతుల్లో నిలవదు. బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి.

ఎక్కడ వేయాలంటే, ఎదుటివాళ్ల మీదికి మాత్రం కాదు. ముందు ఇద్దరికీ నడుమ ముగ్గురికీ మధ్య ఉండే ఖాళీ, వెనక మూలలు, ఇవే పాయింట్లు తెచ్చేవి. గీత మీద పడితే లోపల పడ్డట్టే.

ఆటకు దిగేముందు గోళ్లు తీయించండి, ఉంగరాలు తీయించండి. బతుకమ్మ రోజుల్లో ఆడపిల్లల చేతులనిండా మట్టిగాజులుంటాయి, పగిలితే మణికట్టు కోసుకుపోతుంది. వేళ్లను బంతికి ఎదురుగా పొడిచినట్టు పెడితే కణుపు దగ్గర దెబ్బ తగిలి వాస్తుంది. అప్పుడు వేలు పట్టి గుంజడం మనవాళ్లకు బాగా అలవాటు, అది చేయొద్దు. బట్టలో చుట్టిన ఐసు ముక్కో చన్నీళ్లో పెట్టి, పక్క వేలితో కలిపి వదులుగా కట్టి, ఆ పూటకు ఆట మాన్పించండి. వేలు వంకరగా కనిపించినా, మర్నాటికి వాపు తగ్గకపోయినా ఎక్స్‌రే తీయించాలి.